భాగం – 9: స్వతంత్ర తృతీయపక్ష తనిఖీ – భద్రతకు, నాణ్యతకు హామీ

విషయక్రమం
9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 మూడు పక్షాలు
9.3 తనిఖీ చరిత్ర: బాయిలర్లు నేర్పిన పాఠం
9.4 భారతదేశంలో తృతీయపక్ష తనిఖీ
9.5 తనిఖీ జరిగే క్రమం
9.6 నమూనా ఎవరు తీయాలి? ఎన్ని తీయాలి?
9.7 రుసుము ఎవరు చెల్లించాలి? – గుజరాత్ అనుభవం
9.8 తృతీయపక్ష తనిఖీ పరిమితులు
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ప్రథమ, ద్వితీయ, తృతీయ పక్ష తనిఖీల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
• తృతీయపక్ష తనిఖీ ఎందుకు, ఎలా పుట్టిందో చెప్పగలుగుతారు.
• తనిఖీ జరిగే క్రమంలోని దశలను వరసగా పేర్కొనగలుగుతారు.
• తనిఖీ సంస్థ స్వతంత్రతను దెబ్బతీసే కారణాలను గుర్తించగలుగుతారు.
• ఒక తనిఖీ నివేదిక మీ చేతికి వస్తే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో నిర్ణయించుకోగలుగుతారు.

9.1 పరిచయం

ఈ భాగం చదవడం మొదలుపెట్టే ముందు ఒకసారి మీ వంటింట్లోకి వెళ్లి గ్యాస్ సిలిండర్‌ను చూడండి. పైన చేత్తో పట్టుకునే రింగుకు ఆధారంగా నిలువు పట్టీలు ఉంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఏ, బీ, సీ, డీ అనే నాలుగు అక్షరాలు ఏడాదిలోని నాలుగు త్రైమాసికాలకు గుర్తులు. 'బీ–28' అని ఉంటే 2028 ఏప్రిల్–జూన్ నాటికి ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. ఆ అక్షరం వేసిన మనిషి ఎవరో మీకు తెలియదు. ఆ పరీక్ష ఎక్కడ జరిగిందో మీరు చూడలేదు. అయినా రోజూ రెండు పూటలా దాని పక్కనే నిలబడి వంట చేసుకుంటున్నారు.

ఇంకో ఉదాహరణ చూద్దాం. పెళ్లికి నగలు కొంటున్నారనుకోండి. బంగారంలో రాగి ఎంత కలిసిందో అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. పూర్వం నమ్మకమైన కంసాలి గీటురాయి మీద గీసి చెప్పిన మాటే ఆధారం. ఇప్పుడు నగ మీద హాల్‌మార్క్ ముద్ర ఉందా అని అడుగుతున్నాం. 22 క్యారెట్ల నగ మీద ఉండే 916 అనే అంకెకు, వెయ్యి భాగాల్లో 916 భాగాలు మేలిమి బంగారమని అర్థం. ఈ ముద్ర వేసేది నగల దుకాణం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రం వేస్తుంది. 2021 జూన్ నుంచి మొదటి విడతగా 256 జిల్లాల్లో హాల్‌మార్కింగ్ తప్పనిసరి అయింది. నగ మీద ఉండే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి మీరే సరిచూసుకోవచ్చు.

ఈ రెండు ఉదాహరణల్లోనూ సమస్య ఒక్కటే. అమ్మేవారికి తెలిసినది కొనేవారికి తెలియదు. అర్థశాస్త్రంలో దీన్ని సమాచార అసమానత అంటారు. ఈ అసమానత ఉన్నచోట మంచి సరుకు, నాసిరకం సరుకు ఒకే ధరకు అమ్ముడుపోయి, క్రమంగా మంచి సరుకే మార్కెట్ నుంచి తప్పుకుంటుందని జార్జ్ అకర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. 2001లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నగ విషయంలో ఈ అసమానత వల్ల డబ్బు పోతుంది. సిలిండర్, బాయిలర్, లిఫ్టు, ఆనకట్ట వంటి వాటి విషయంలో ప్రాణాలే పోతాయి. ఈ ఖాళీని పూరించడానికి ఏర్పడిన పద్ధతుల్లో తృతీయపక్ష తనిఖీ ముఖ్యమైనది.

9.2 మూడు పక్షాలు

మిర్యాలగూడ ప్రాంతంలో ఉప్పుడు బియ్యం తయారుచేసే ఒక మిల్లు ఉందనుకుందాం. వడ్లను ఉడికించడానికి ఆవిరి కావాలి. అందుకోసం మిల్లు యజమాని కొత్త బాయిలర్‌కు ఆర్డర్ ఇచ్చారు. ఆ బాయిలర్‌ను మూడు రకాల వ్యక్తులు తనిఖీ చేయవచ్చు.

(అ) ప్రథమ పక్షం: బాయిలర్ తయారుచేసిన కంపెనీలోని నాణ్యతా విభాగం. తమ వస్తువును తామే పరీక్షించుకోవడం ప్రథమపక్ష తనిఖీ.

(ఆ) ద్వితీయ పక్షం: కొనుగోలుదారు, అంటే మిల్లు యజమాని, పంపిన ఇంజినీరు. వస్తువును వాడుకునేవారు చేసే పరీక్ష ద్వితీయపక్ష తనిఖీ.

(ఇ) తృతీయ పక్షం: తయారీదారుతో గానీ, కొనుగోలుదారుతో గానీ ఆ వస్తువు విషయంలో ఎలాంటి ప్రయోజన సంబంధం లేని వ్యక్తి లేదా సంస్థ. బాయిలర్ బాగుందని తేలినా, బాగాలేదని తేలినా వీరికి లాభనష్టాలు ఉండకూడదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తృతీయ పక్షం వచ్చిందని మొదటి రెండు పక్షాల బాధ్యత తీరిపోదు. నాణ్యత తయారీలోనే పుట్టాలి. తనిఖీ లోపాన్ని పట్టుకోగలదు గానీ, లేని నాణ్యతను తెచ్చిపెట్టలేదు.

తనిఖీ సంస్థలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17020. 2012 నాటి ప్రతి తనిఖీ సంస్థలను మూడు తరగతులుగా విభజించింది. 'ఏ' తరగతి సంస్థ పూర్తిగా స్వతంత్రమైనది. తాను తనిఖీ చేసే వస్తువుల రూపకల్పన, తయారీ, సరఫరా, కొనుగోలు, వాడకం, నిర్వహణ – వీటిలో దేనితోనూ దానికి సంబంధం ఉండకూడదు. 'బీ' తరగతి సంస్థ ఒక పెద్ద సంస్థలో విడిగా గుర్తించదగిన విభాగం. తన మాతృసంస్థకే సేవ చేస్తుంది. 'సీ' తరగతి సంస్థ కూడా అలాంటి సంబంధాలు ఉన్నదే అయినా బయటివారికీ సేవలందించవచ్చు. అయితే తనిఖీ చేసేవారిని మిగతా పనుల నుంచి వేరుచేసే ఏర్పాట్లు ఉండాలి. 'తృతీయపక్షం' అనే మాట సరిగ్గా సరిపోయేది 'ఏ' తరగతికే.

విద్యార్థులు తరచుగా కలగాపులగం చేసే నాలుగు మాటలను ఇక్కడే విడదీసి చూద్దాం. ఒక గుణాన్ని కొలిచి అంకె చెప్పడం పరీక్ష. వస్తువును చూసి, కొలతలను, నైపుణ్యంతో కూడిన అంచనాను జోడించి, అది నిర్దేశాలకు తగినట్లుందా లేదా అని చెప్పడం తనిఖీ. ఫలానా వస్తువు లేదా పద్ధతి ప్రమాణానికి అనుగుణంగా ఉందని తృతీయ పక్షం లిఖితపూర్వకంగా హామీ ఇవ్వడం ధ్రువీకరణ. పరీక్షించే, తనిఖీ చేసే, ధ్రువీకరించే సంస్థలకే ఆ పని చేయగల సామర్థ్యం ఉందని నిర్ధారించడం అక్రెడిటేషన్.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఒక సిమెంటు కర్మాగారం తన సొంత ప్రయోగశాలలో సిమెంటును పరీక్షించుకుంటే అది ఏ పక్ష తనిఖీ?
2. ఒక ఇల్లు కట్టుకుంటున్న యజమాని, తనకు తెలిసిన ఇంజినీరును తీసుకువెళ్లి ఇనుప కడ్డీలు చూపిస్తే అది ఏ పక్ష తనిఖీ?

9.3 తనిఖీ చరిత్ర: బాయిలర్లు నేర్పిన పాఠం

తృతీయపక్ష తనిఖీ మొదట ఓడల దగ్గర మొదలైంది. 18వ శతాబ్దంలో లండన్‌లోని ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌస్‌లో ఓడల యజమానులు, వర్తకులు, బీమా చేసేవారు కలుసుకునేవారు. బీమా ఇచ్చేవారికి ఓడ ఎంత గట్టిదో తెలియాలి. ఓడ యజమాని మాట మీద ఆధారపడలేరు. అందుకని 1760లో ఓడల స్థితిని పరిశీలించి పట్టికగా రాసే సంఘం ఏర్పడింది. అదే తరవాతి కాలంలో లాయిడ్స్ రిజిస్టర్‌గా పేరు పొందింది.

భద్రత కోసం తనిఖీ అనే భావన గట్టిపడింది మాత్రం ఆవిరి బాయిలర్ల వల్ల. బాయిలర్ ఎందుకు అంత ప్రమాదకరమో ముందు అర్థం చేసుకుందాం. మామూలు వాతావరణ పీడనంలో ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. బాయిలర్‌లో అధిక పీడనం ఉండటం వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉంటుంది. ఎక్కడైనా రేకు పగిలి పీడనం ఒక్కసారిగా తగ్గితే ఆ నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరిగా మారుతుంది. పేలుడు అంటే అదే. నీటి నుంచి పేరుకున్న పెచ్చు, తుప్పు పట్టి పలచబడిన రేకు, పనిచేయని సేఫ్టీ వాల్వు, నీటిమట్టం తగ్గడం – ఈ కారణాలన్నీ ముందుగా చూస్తే కనిపించేవే. చూడకపోవడం వల్లనే ప్రమాదాలు జరిగాయి.

1865 ఏప్రిల్ 27న అమెరికాలో మిసిసిపీ నది మీద 'సుల్తానా' అనే ఆవిరి పడవ బాయిలర్లు పేలాయి. అంతర్యుద్ధంలో బందీలుగా ఉండి విడుదలై ఇళ్లకు వెళుతున్న సైనికులు ఆ పడవలో కిక్కిరిసి ఉన్నారు. పడవ సామర్థ్యం 376 మంది; ఎక్కినవారు 2,000 మందికి పైగా. దారిలో ఒక బాయిలర్‌లో లోపం బయటపడితే తొందరలో అతుకు వేసి బయలుదేరారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది, 1866లో, హార్ట్‌ఫర్డ్ నగరంలో బాయిలర్ల తనిఖీకి, బీమాకు కలిపి ఒక కంపెనీ ఏర్పడింది. దీని పద్ధతిని మీరు జాగ్రత్తగా గమనించాలి. బాయిలర్ పేలితే నష్టపరిహారం చెల్లించవలసింది ఆ కంపెనీయే. కాబట్టి తన తనిఖీదారు కళ్లు మూసుకుంటే నష్టపోయేదీ ఆ కంపెనీయే. తనిఖీ చేసేవారి ప్రయోజనం, నిజం చెప్పడం అనే రెండూ ఒకే దారిలో నడిచాయి. 9.7లో దీనికి విరుద్ధమైన ఉదాహరణను చూస్తాం.

జర్మనీలోనూ దాదాపు అదే సమయంలో ఇలాంటిదే జరిగింది. 1865లో మాన్‌హైమ్ నగరంలో ఒక బీరు తయారీ కేంద్రంలో బాయిలర్ పేలింది. మరుసటి ఏడాది బాయిలర్ యజమానులే చేతులు కలిపి తనిఖీ సంఘం పెట్టుకున్నారు. నేటి టీయూవీ సంస్థలకు అలాంటి సంఘాలే మూలం. 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్‌లో ఒక బూట్ల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది మరణించారు. దాంతో 1907లో మసాచుసెట్స్ రాష్ట్రం బాయిలర్ల చట్టం చేసింది. తరవాత అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం బాయిలర్ కోడ్‌ను రూపొందించింది. తనిఖీదారు తనకు తోచినట్లు చెప్పడం పోయి, రాసిపెట్టిన కొలమానంతో పోల్చి చెప్పడం అలా స్థిరపడింది.

9.4 భారతదేశంలో తృతీయపక్ష తనిఖీ

మన దేశంలో కూడా బాయిలర్ల చట్టానికి ఒక పేలుడే కారణం. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి ప్రాణనష్టం జరిగింది. 1864లో బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. ఇతర రాష్ట్రాలూ వేరువేరు చట్టాలు చేసుకున్నాయి. వాటన్నిటి స్థానంలో దేశమంతటికీ ఒకటిగా 1923లో భారతీయ బాయిలర్ల చట్టం వచ్చింది. 2007లో చేసిన సవరణ ద్వారా ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లతో పాటు గుర్తింపు పొందిన తనిఖీ సంస్థలకు, అర్హులైన వ్యక్తులకు కూడా ఈ పనిలో చోటు కల్పించారు. 1923 చట్టం స్థానంలో ఇప్పుడు 2025 నాటి బాయిలర్ల చట్టం అమలులోకి వచ్చింది.

బాయిలర్ల విషయంలో తనిఖీ చట్టపరమైన నిర్బంధం. మరికొన్ని రంగాల్లో ఒప్పందం ద్వారా వస్తుంది. ఉదాహరణకు ఒక పురపాలక సంఘం మంచినీటి పైపులు కొనేటప్పుడు, ఫ్యాక్టరీ నుంచి సరుకు బయలుదేరక ముందే తృతీయపక్ష తనిఖీ జరగాలని టెండరులో షరతు పెట్టవచ్చు.

మీ ఊరి రోడ్డుకు కూడా ఈ విషయంతో సంబంధం ఉండవచ్చు. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో నాణ్యతను మూడు అంచెల్లో చూస్తారు. మొదటి అంచెలో పని చేయించే ఇంజినీర్లు, రెండో అంచెలో రాష్ట్ర నాణ్యతా పర్యవేక్షకులు, మూడో అంచెలో జాతీయ నాణ్యతా పర్యవేక్షకులు. మూడో అంచెలో సాధారణంగా పదవీ విరమణ చేసిన సీనియర్ ఇంజినీర్లను నియమిస్తారు. వారు రోడ్డును అక్కడక్కడ తవ్వించి, పొరల మందం కొలిచి, పనికి శ్రేణి ఇస్తారు.

తనిఖీ సంస్థల సామర్థ్యాన్ని ఎవరు నిర్ధారించాలి? భారత నాణ్యతా మండలి పరిధిలోని ఎన్‌ఏబీసీబీ అనే జాతీయ మండలి ఐఎస్‌ఓ/ఐఈసీ 17020 ఆధారంగా తనిఖీ సంస్థలకు అక్రెడిటేషన్ ఇస్తుంది. పరీక్షా ప్రయోగశాలలకు ఎన్‌ఏబీఎల్ ఇస్తుంది.

9.5 తనిఖీ జరిగే క్రమం

మన మిల్లు బాయిలర్ ఉదాహరణనే కొనసాగిద్దాం. తనిఖీదారు చివరి రోజున వచ్చి బాయిలర్ చుట్టూ తిరిగి సంతకం పెట్టి వెళ్లడం తనిఖీ కాదు. రంగు వేసిన బాయిలర్ పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని తనిఖీ దశలవారీగా జరగాలి.

మొదటి దశ – ప్రణాళిక. ఏ దశలో ఏ పరీక్ష, ఏ ప్రమాణం ప్రకారం, ఎవరి సమక్షంలో జరగాలో పట్టికగా రాసుకుంటారు. ఇందులో రెండు రకాల గుర్తులు ముఖ్యం. 'హోల్డ్ పాయింట్' అంటే తనిఖీదారు వచ్చి చూసి అంగీకరించేవరకు పని ముందుకు సాగకూడదు. 'విట్‌నెస్ పాయింట్' అంటే తనిఖీదారుకు ముందుగా కబురు చేయాలి. చెప్పిన సమయానికి ఆయన రాకపోతే పని కొనసాగించవచ్చు.

రెండో దశ – ముడిసరుకు. ప్రతి ఉక్కు రేకు మీద హీట్ నంబరు ముద్రించి ఉంటుంది. ఉక్కు కర్మాగారం ఇచ్చిన ధ్రువపత్రంలోని నంబరూ, రేకు మీది నంబరూ ఒకటేనా అని చూస్తారు. రేకును ముక్కలుగా కోసినప్పుడు ఆ నంబరు ప్రతి ముక్క మీదికీ మార్చాలి. ఈ గొలుసు తెగితే బాయిలర్ ఏ ఉక్కుతో తయారైందో ఎవరూ చెప్పలేరు.

మూడో దశ – తయారీ. వెల్డింగు చేసే పనివారికి ఆ రకం వెల్డింగులో అర్హత పరీక్ష అయిందో లేదో చూస్తారు. అతుకుల లోపల కంటికి కనిపించని ఖాళీలను, పగుళ్లను రేడియోగ్రఫీ, అల్ట్రాసోనిక్ వంటి పద్ధతులతో పరీక్షిస్తారు. వస్తువును పాడుచేయకుండా చేసేవి కాబట్టి వీటిని విధ్వంసరహిత పరీక్షలు అంటారు.

నాలుగో దశ – నీటి పీడన పరీక్ష. బాయిలర్‌ను పూర్తిగా నీటితో నింపి, పనిచేసే పీడనానికి సాధారణంగా ఒకటిన్నర రెట్లు పీడనం కలిగిస్తారు. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పీడనంతో పనిచేసే బాయిలర్‌ను 15 కిలోలకు పరీక్షిస్తారు. గాలితో కాక నీటితోనే ఎందుకు చేస్తారు? నీరు దాదాపు కుదించుకుపోదు. అందువల్ల దానిలో నిలవ ఉండే శక్తి చాలా తక్కువ. అతుకు విడిపోయినా నీరు చిమ్ముతుంది, పీడనం వెంటనే పడిపోతుంది. అదే గాలి అయితే బాంబులా పేలుతుంది.

ఐదో దశ – నివేదిక. చూసినదేమిటి, కొలిచినదేమిటి, ఏ పరికరంతో కొలిచారు, ఆ పరికరాన్ని ఎప్పుడు సరిచూశారు, ఏది తిరస్కరించారు అనే వివరాలతో నివేదిక రాసి, బాయిలర్ మీద ముద్ర వేస్తారు. ఆ తరవాతే సరుకు బయలుదేరాలి. పని మొదలుపెట్టాక కూడా నియమిత కాలానికి ఒకసారి బాయిలర్‌ను చల్లార్చి, ఖాళీ చేసి, లోపల తనిఖీ చేయించాలి.

9.6 నమూనా ఎవరు తీయాలి? ఎన్ని తీయాలి?

బాయిలర్ ఒక్కటే కాబట్టి మొత్తం చూడవచ్చు. వెయ్యి పైపులు, వంద ఘనపు మీటర్ల కాంక్రీటు ఉన్నచోట నమూనాలతోనే సరిపెట్టుకోవాలి. అప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి.

మొదటిది, నమూనా ఎవరు తీయాలి? దీనికి నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, నేను పనిచేసిన కళాశాలలో విద్యార్థుల హాస్టల్ కట్టారు. నిర్మాణ కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. కాంక్రీటును 150 మిల్లీమీటర్ల ఘనాలుగా పోసి, 28 రోజుల తరవాత యంత్రంలో నలగగొట్టి బలం చూస్తారు. ఎం–20 రకం కాంక్రీటుకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాలి. మాకు వచ్చిన ప్రతి నివేదికలోనూ 20కి పైనే ఉండేది. అది చూసి బిల్లుల మీద సంతకం పెట్టేవాణ్ణి.

రెండో అంతస్తు స్లాబు వేస్తున్న రోజు ఒక బయటి సంస్థ ఇంజినీరు ముందుగా చెప్పకుండా వచ్చారు. ఘనాల కోసం మేస్త్రి ఒక మూల విడిగా కలిపి పెట్టిన మాలును ఆయన పక్కన పెట్టించారు. స్లాబు మీదికి తట్టల్లో వెళుతున్న కాంక్రీటును ఆపి, దానితోనే ఘనాలు పోయించి, వాటి మీద తన గుర్తు వేసుకున్నారు. 28 రోజులకు వచ్చిన బలం 14 దాటలేదు. తరవాత మొదటి అంతస్తు స్లాబు నుంచి కూడా ముక్కలు కోసి పరీక్షించారు. కొంత భాగాన్ని పగలగొట్టి మళ్లీ వేయవలసి వచ్చింది.

అంతకుముందు నేను సంతకం చేసిన నివేదికల్లో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఆ ఘనాలు నిజంగానే అంత గట్టివి. కానీ అవి స్లాబులోని కాంక్రీటుతో పోసినవి కావు. పిల్లలు పడుకునేది స్లాబు కింద గానీ ఘనాల కింద కాదు గదా! ఆ సంగతి ఆలోచించకుండా సంతకం పెట్టినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. నమూనాను తనిఖీ చేయించుకునేవారు ఎంచితే ఆ పరీక్ష ఎంత కచ్చితంగా చేసినా వ్యర్థమే. నమూనాను తనిఖీదారే, తనకు తోచిన చోట, తనకు తోచిన వేళ తీయాలి.

రెండోది, ఎన్ని తీయాలి? ఒక లోడులో నూటికి 5 పైపులు లోపమున్నవి అనుకోండి. వాటిలోంచి 20 పైపులు తీసి చూస్తే, ఇరవైలో ఒక్కటి కూడా లోపమున్నది దొరకకపోయే అవకాశం ఎంత? ఒక పైపు మంచిదయ్యే అవకాశం 0.95. దాన్ని 20 సార్లు గుణిస్తే సుమారు 0.36 వస్తుంది. అంటే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఆ లోడు 'లోపం లేదు' అనే నివేదికతో బయటపడుతుంది. నమూనాను 60కి పెంచితే ఆ అవకాశం సుమారు 5 శాతానికి తగ్గుతుంది. కాబట్టి 'లోపం కనిపించలేదు' అనడానికి, 'లోపం లేదు' అనడానికి తేడా ఉంది. ఆ తేడా ఎంతో చెప్పేది నమూనా పరిమాణమే.

9.7 రుసుము ఎవరు చెల్లించాలి? – గుజరాత్ అనుభవం

తృతీయపక్ష తనిఖీలో అతి కష్టమైన ప్రశ్న ఇది. తనిఖీ చేయించుకునేవారే తనిఖీదారును ఎంచుకుని, వారే రుసుము చెల్లిస్తే, ఆ తనిఖీదారు నిజంగా తృతీయ పక్షమేనా?

1996లో గుజరాత్ హైకోర్టు ఆదేశంతో ఆ రాష్ట్రంలో కాలుష్యం ఎక్కువగా కలిగించే పరిశ్రమలకు తృతీయపక్ష పర్యావరణ ఆడిట్ పద్ధతి వచ్చింది. పరిశ్రమ తానే ఆడిటర్‌ను ఎంచుకుని రుసుము చెల్లించేది. ఆడిటర్ కొలతలు తీసి నివేదిక ఇచ్చేవాడు. ఎస్తేర్ దుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్ అనే అర్థశాస్త్రవేత్తలు గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలితో కలిసి 2009–11 మధ్య అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 పరిశ్రమల్లో ఒక ప్రయోగం చేశారు. సుమారు సగం పరిశ్రమలను పాత పద్ధతిలోనే ఉంచి, మిగతా వాటికి మూడు మార్పులు చేశారు.

1. ఆడిటర్‌ను పరిశ్రమ ఎంచుకోదు; లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు.
2. రుసుము పరిశ్రమ నుంచి కాక, ఒక ఉమ్మడి నిధి నుంచి నిర్ణీత మొత్తంగా అందుతుంది.
3. ఆడిటర్ కొలిచిన చోటే కొన్నిటిని వేరేవారు మళ్లీ కొలిచి సరిపోలుస్తారు. రెండో ఏడాది కొలతల కచ్చితత్వాన్ని బట్టి ఆడిటర్ రుసుము నిర్ణయించారు.

ఫలితాలు ఆలోచింపజేసేవి. పాత పద్ధతిలో పొగగొట్టాల నుంచి వచ్చే ధూళి కణాల విషయంలో నిబంధన ఉల్లంఘించినవి 7 శాతం మాత్రమేనని ఆడిటర్ల నివేదికలు చెప్పాయి. మళ్లీ కొలిచి చూస్తే అవి 59 శాతం. అనుమతించిన పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు. నివేదికల్లోని అంకెలు ఆ 150కి కాస్త దిగువన గుంపుగా చేరి ఉన్నాయి. కొత్త పద్ధతిలో, పరిమితి దాటినదాన్ని దాటలేదని తప్పుగా రాయడం 80 శాతం తగ్గింది. నివేదికలు నిజం చెప్పడం మొదలుపెట్టాక పరిశ్రమలు కాలుష్యాన్ని కూడా తగ్గించుకున్నాయి. తరవాత, 2015లో, ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించే విధానాన్ని మండలి చేపట్టింది.

రెండు పద్ధతుల్లోనూ ఆడిటర్లు ఇంచుమించు ఒకే రకం మనుషులు. మారింది ఏర్పాటు. తనిఖీదారుల నీతి మీద ఉపన్యాసాలిచ్చే కన్నా, నిజం చెప్పినవారికి నష్టం రాని ఏర్పాటు చేయడం మేలని ఈ ప్రయోగం చెబుతుంది. 9.3లోని హార్ట్‌ఫర్డ్ కంపెనీ ఉదాహరణను దీనితో పోల్చి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. నీటి పీడన పరీక్షలో గాలిని కాక నీటిని ఎందుకు వాడతారు?
4. ఒక తనిఖీ సంస్థ ఇచ్చిన నివేదికల్లో కొలతలన్నీ పరిమితికి కాస్త దిగువనే ఉంటే మీరేమి అనుమానిస్తారు?

9.8 తృతీయపక్ష తనిఖీ పరిమితులు

ధ్రువపత్రం ఉన్నచోట కూడా ఘోర ప్రమాదాలు జరిగాయి. మూడు ఉదాహరణలు చూద్దాం.

(అ) 2012 సెప్టెంబరు 11న పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా కార్మికులు చనిపోయారు. కిటికీలకు కమ్మీలు, మూసిన తలుపులు వారిని బయటికి రానివ్వలేదు. కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి కార్మిక ప్రమాణాల ధ్రువపత్రం వచ్చింది.

(ఆ) 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీల్లో అంతకుముందు కార్మిక పరిస్థితుల మీద ఆడిట్లు జరిగాయి. భవనం బలం మాత్రం వాటి పరిధిలో లేదు. ఈ దుర్ఘటన తరవాత కార్మిక సంఘాలు, కొనుగోలు కంపెనీలు కలిసి చేసుకున్న ఒప్పందంలో స్వతంత్ర ఇంజినీర్ల తనిఖీ, నివేదికలను బహిరంగంగా ప్రకటించడం, లోపాలను సరిదిద్దడం తప్పనిసరి చేశారు.

(ఇ) 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాదీన్యు దగ్గర ఇనుప ఖనిజం గని వ్యర్థాలను నిలవ చేసిన కట్ట తెగి సుమారు 270 మంది మరణించారు. కట్ట స్థిరంగా ఉందని అంతకు ముందటి ఏడాదే బయటి తనిఖీ సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది.

వీటి నుంచి మనం నాలుగు పరిమితులను గుర్తించవచ్చు. ఒకటి, తనిఖీ ఆ రోజు స్థితినే చెబుతుంది. మర్నాడు తలుపుకు తాళం వేస్తే ధ్రువపత్రం ఆపలేదు. రెండు, తనిఖీ తన పరిధిలో ఉన్నదానినే చూస్తుంది. మూడు, రుసుము ఇచ్చేవారి ఒత్తిడి నివేదికలోకి చొరబడవచ్చు. నాలుగు, ధ్రువపత్రం చూసి మిగతావారు తమ జాగ్రత్తను సడలించవచ్చు. కరాచీ ఫ్యాక్టరీలో మూసిన తలుపులను రోజూ చూసినవారు అక్కడి కార్మికులే. వారి మాట వినే ఏర్పాటు లేని తనిఖీ సగం తనిఖీయే.

అందువల్ల ఏ తనిఖీ నివేదిక మీ ముందుకు వచ్చినా ఈ ఆరు ప్రశ్నలు వేసుకోండి.
1. ఏ వస్తువును, ఏ పరిధిలో చూశారు? ఏది చూడలేదు?
2. ఏ ప్రమాణంతో పోల్చారు?
3. ఎప్పుడు చూశారు? చెప్పి వచ్చారా, చెప్పకుండా వచ్చారా?
4. నమూనా ఎవరు తీశారు? ఎన్ని తీశారు?
5. తనిఖీదారును ఎవరు ఎంచుకున్నారు? రుసుము ఎవరిచ్చారు?
6. తనిఖీ సంస్థకు అక్రెడిటేషన్ ఉందా? అది ఈ పనికి వర్తిస్తుందా?

మీలో కొందరు రేపు పంచాయతీ కార్యదర్శులుగా, పాఠశాల కమిటీ సభ్యులుగా, చిన్న పరిశ్రమల యజమానులుగా ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టవలసి వస్తుంది. ఈ ఆరింటిలో ఒక్కదానికైనా జవాబు దొరకకపోతే కలం కింద పెట్టి, దొరికేదాకా అడగండి.

9.9 సారాంశం

తయారీదారుకు, కొనుగోలుదారుకు మధ్య ఉండే సమాచార అసమానతను తగ్గించడానికి తృతీయపక్ష తనిఖీ ఏర్పడింది. ఓడల బీమాతో మొదలై, బాయిలర్ పేలుళ్ల వల్ల చట్టాలుగా, ప్రమాణాలుగా స్థిరపడింది. భారతదేశంలో 1923 నాటి బాయిలర్ల చట్టం, దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం, హాల్‌మార్కింగ్, గ్రామీణ రోడ్ల నాణ్యతా పర్యవేక్షణ దీనికి ఉదాహరణలు. ప్రణాళిక, ముడిసరుకు, తయారీ, పీడన పరీక్ష, నివేదిక అనే దశల్లో తనిఖీ జరుగుతుంది. నమూనాను తనిఖీదారే తీయాలి. తనిఖీదారు ఎంపిక, రుసుము తనిఖీ చేయించుకునేవారి చేతిలో ఉంటే నివేదికల నిజాయితీ దెబ్బతింటుందని గుజరాత్ ప్రయోగం చూపింది. ధ్రువపత్రం భద్రతకు ఒక ఆధారమే గానీ భద్రతకు ప్రత్యామ్నాయం కాదు.

9.10 ముఖ్య పదాలు

సమాచార అసమానత: లావాదేవీలో ఒక పక్షానికి తెలిసిన విషయం మరో పక్షానికి తెలియకపోవడం.
తృతీయ పక్షం: తయారీ, కొనుగోలు పక్షాలతో ప్రయోజన సంబంధం లేని వ్యక్తి లేదా సంస్థ.
అక్రెడిటేషన్: తనిఖీ, పరీక్ష, ధ్రువీకరణ చేసే సంస్థల సామర్థ్యానికి ఇచ్చే అధికారిక గుర్తింపు.
హోల్డ్ పాయింట్: తనిఖీదారు అంగీకరించేవరకు పని ఆగవలసిన దశ.
విధ్వంసరహిత పరీక్ష: వస్తువును పాడుచేయకుండా లోపలి లోపాలను కనిపెట్టే పరీక్ష.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. ప్రథమపక్ష తనిఖీ.
2. ద్వితీయపక్ష తనిఖీ. ఇంజినీరు బయటివారైనా కొనుగోలుదారు తరఫున వచ్చారు.
3. నీరు దాదాపు కుదించుకుపోదు. నిలవ ఉండే శక్తి తక్కువ కాబట్టి అతుకు విడిపోయినా పేలుడు జరగదు.
4. కొలతలు నిజంగా తీసినవి కాకపోవచ్చు, లేదా పరిమితికి లోబడేటట్లు రాసి ఉండవచ్చు. కొన్నిటిని వేరేవారితో మళ్లీ కొలిపించాలి.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పరీక్ష, తనిఖీ, ధ్రువీకరణ, అక్రెడిటేషన్‌ల మధ్య తేడాలను రాయండి.
2. తనిఖీ సంస్థల్లోని 'ఏ', 'బీ', 'సీ' తరగతులను వివరించండి.
3. ఒక లోడులో నూటికి 10 వస్తువులు లోపమున్నవి అనుకుంటే, 20 తీసి చూసినప్పుడు లోపమున్నది ఒక్కటీ దొరకకపోయే అవకాశాన్ని లెక్కకట్టండి.

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తృతీయపక్ష తనిఖీ అభివృద్ధిలో బాయిలర్ ప్రమాదాల పాత్రను చర్చించండి.
2. తనిఖీదారు స్వతంత్రతకు, రుసుము చెల్లింపు పద్ధతికి ఉన్న సంబంధాన్ని గుజరాత్ ప్రయోగం ఆధారంగా వివరించండి.
3. మీ ఊళ్లో ఇటీవల పూర్తయిన ఒక ప్రభుత్వ నిర్మాణాన్ని ఎంచుకొని, 9.8లోని ఆరు ప్రశ్నలకు సమాధానాలు సేకరించి నివేదిక రాయండి.